ఉప్పు వేసే చెయ్యి

ఆ బగోనాకు అడుగున చిల్లి పెట్టి, మట్టి నింపి, కరివేపాకు మొక్క పెడతానని మా అమ్మాయి అన్నప్పుడు నాకు ఉన్నట్టుండి కోపం వచ్చింది. అటక మీది పాత సామాను దించుతున్నాం. కాలు విరిగిన కుర్చీ, రెండు చాటలు, ఎవరిదో పెళ్లి ఆల్బం, వాటి వెనక బోర్లించిన పెద్ద అల్యూమినియం బగోనా. ఇద్దరు చెరో చెవి పట్టుకుంటే తప్ప లేవదు. దాని పొట్ట మీద ఎర్ర రంగుతో ‘వంటా వార్పు’ అని రాసి ఉంది. రంగు చాలావరకు రాలిపోయినా అక్షరాలు చదవొచ్చు. రాసింది మా ఊరి దర్జీ కనకయ్య. బట్టకు గీసినట్టే ముందు సుద్దముక్కతో కొలతలు గీసుకుని రాశాడు, అయినా చోటు చాలక చివరి అక్షరం కిందికి జారింది. తెలంగాణ వచ్చేనాటికి మా అమ్మాయికి ఇంకా పాలపళ్లే, దానికి ఇవేమీ తెలియవు. మొక్కకు ఇంకేదన్నా చూసుకోమని అవసరానికి మించిన గొంతుతో అన్నాను. అంతగా ఇందులో ఏముందని అడిగింది. చెప్పేసరికి సాయంత్రమైంది, అటక పని అటకమీదే ఉండిపోయింది. ఇక్కడ రాస్తున్నది అదే, దానికి అప్పుడు చెప్పని ఒకటి రెండు సంగతులు కూడా కలిపి.

నేను జనగామ పిల్లను. మా వైపు నీళ్లను చెంబుతో లెక్కపెట్టుకుని వాడుకునేవాళ్లం. బియ్యం కడిగిన నీళ్లు బర్రె కుడితికి, స్నానం చేసిన నీళ్లు బీరపాదుకు. అలాంటి దాన్ని తీసుకొచ్చి కాటారం దాటినాక వాగు ఒడ్డున ఉన్న ఊళ్లో ఇచ్చారు. మొదటిసారి వాగులో మోకాళ్ల దాకా దిగి ఊరికే నవ్వుతూ నిలబడితే, కొడుక్కు పిచ్చిపిల్లను కట్టబెట్టారేమోనని మా అత్తమ్మ భయపడిందట. మా ఆయనది భూపాలపల్లి బొగ్గుబాయిలో పని. వారానికి ఒకసారి ఒంటి నిండా సబ్బు వాసనతో వచ్చేవాడు, గోళ్ల సందుల్లో నలుపు మాత్రం పోయేది కాదు. మిగిలిన ఆరు రోజులూ ఇంట్లో అత్తమ్మ, నేను, ఒక బర్రె, దాని దుడ్డె. అత్తమ్మ పేరు లచ్చవ్వ. తెల్లవారకముందే లేచి వాకిట్లో పేడనీళ్లు చల్లేది. మట్టి పొయ్యిని అలికి, దాని మూడు గడ్డల మీదా వేలితో తెల్లటి గీతలు పెట్టేది. ఆ పొయ్యి నాకన్నా పెద్దదని, తను కాపురానికొచ్చిన ఏడు తన చేత్తో వేసుకున్నదని నాకు కనీసం వందసార్లు చెప్పింది. తడి పొయ్యి మీద మొదటి పుల్ల అంటుకున్నప్పుడు ఒక వాసన వస్తుంది, కాలిన మట్టీ కొత్త మట్టీ కలిసిన వాసన. నాకు అత్తగారిల్లు అంటే ఇప్పటికీ ఆ వాసనే.

మా ఊళ్లో పదిమందికి వండే వంటలో ఉప్పు ఒక్క చెయ్యే వెయ్యాలి. ఎవరైనా వండొచ్చు, ఎవరైనా కలపొచ్చు, కారం చింతపండు తలా ఒకరు వెయ్యొచ్చు. ఉప్పు మాత్రం ఒక్కరిదే. ఇద్దరు ముట్టుకుంటే ఒకరు వేశారని ఒకరు వదిలేస్తారు, లేకపోతే ఇద్దరూ వేస్తారు. అందుకని ఎప్పుడో పెద్దలు పెట్టిన కట్టుబాటు. నేను వెళ్లేసరికి ఆ చెయ్యి మా అత్తమ్మది. పెళ్లయినా, బోనాల పండుగైనా, పప్పుచారు పొంగుకొచ్చే వేళకు ఎవరో ఒకరు వచ్చి లచ్చవ్వను పిలిచేవాళ్లు. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని, బగోనా పక్కన నిలబడి, తల కొంచెం వంచి మరిగే చప్పుడు వినేది. దొడ్డుప్పు దోసిట్లోకి తీసుకుని వేళ్ల సందుల్లోంచి వదిలేది. రుచి చూసేది కాదు. చూడవా అత్తమ్మా అని ఒకసారి అడిగితే, చూసి వేస్తే నువ్వూ వేస్తావు కదా అంది. నాకు ఒళ్లు మండింది కానీ ఆ పప్పుచారు రెండుసార్లు పోయించుకున్నాను.

అవి ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులు. రోడ్డు మీదే వండి రోడ్డు మీదే తినడం, దాన్నే వంటా వార్పు అనేవాళ్లు. మా ఊళ్లో దానికి పెద్ద కనకయ్య. రోడ్డు పక్కన దర్జీ డబ్బా ఆయనది. గట్టు మీద ఉండటంతో బగోనా, బ్యానరు, మైకు అన్నీ అందులోనే పెట్టేవాడు. సగం కుట్టిన జాకెట్లు మెడలో వేసుకునే నినాదాలిచ్చేవాడు. రోడ్డు మీద బగోనా ఎక్కిందంటే బస్సులు ఆగాలి, ఆగినవాళ్లు దిగి కూర్చుని తినాలి, పక్క ఊరివాళ్లు తలా ఒక కూరగాయ పట్టుకుని రావాలి. ఇదంతా ఎవరూ రాసిపెట్టలేదు, కాటారం నుంచి కాళేశ్వరం దాకా అందరికీ తెలుసు. మా అత్తమ్మ రాష్ట్రం గురించి ఎప్పుడూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఉప్పు వేసేది, అంతే. కానీ ఆమె వచ్చేదాకా కనకయ్య మైకు పట్టుకునేవాడు కాదు.

వీళ్లిద్దరికీ పడనిది ఒక్కటే, మా బర్రె. దానికి కనకయ్య బీరపందిరి అంటే ప్రాణం. ఎట్లా కట్టినా మెడ విదిల్చి ముడి ఊడదీసుకుని వెళ్లి లేత తీగలు మేసి వచ్చేది. ఆ వానాకాలం పందిరి పూత మీదున్నప్పుడు మూడు రోజుల్లో రెండుసార్లు వెళ్లింది. కనకయ్య టేపు మెడలో వేసుకునే వచ్చి, ‘వదినె, నీ బర్రె’ అని మొదలుపెట్టి వాడంతా వినేట్టు మొత్తుకున్నాడు. అత్తమ్మకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు నాట్లకు పోయేముందు కొత్త పలుపుతాడు తెచ్చి, రాతి కంబానికి చుట్టి, ముడి మీద ముడి వేసి, కాలితో తన్నిపెట్టి బిగించింది. దుడ్డె చిన్నది కదా అని విడిచిపెట్టింది.

ఆ రోజు మా మీద చుక్క వాన లేదు. పైన ఎక్కడో కురిసిందట. గోదావరి నిండితే మా వాగులో నీళ్లు అందులో కలవలేక వెనక్కి తన్నుతాయని నాకెవరూ చెప్పలేదు. ఊరంతా రోడ్డు అవతలి మెరక పొలాల్లో నాట్లేస్తోంది. పొద్దు నెత్తికెక్కే వేళకు ఎవరో కేక వేస్తే లేచి చూశాను. వాగు వెనక్కి నడిచి వస్తోంది. అరుపూ లేదు, పరుగూ లేదు, తీరిగ్గా వచ్చి ఇళ్లలో కూర్చుంది. మనుషులందరం పైనే ఉండటం వల్ల బతికాం. అందరం రోడ్డెక్కి నిలబడి చూస్తుంటే కింద గోడలు ఒక్కొక్కటే మెత్తబడి ఒరిగాయి. ఊరి పసులు ఈదుకుంటూ రోడ్డెక్కాయి, వాటి పేర్లు పిలుస్తూ మనుషులు ఎదురెళ్లారు. మా దుడ్డె కూడా వచ్చింది, అత్తమ్మ కొంగు పట్టుకుని నమిలింది. బర్రె రాలేదు. చీకటి పడేదాకా అత్తమ్మ అటే చూసింది.

ఆ తరవాత రెండు రోజులు రోడ్డే మా ఊరు. అటూ ఇటూ కల్వర్టుల మీద నీళ్లు, ఫోన్లు పలకవు, భూపాలపల్లిలో ఉన్న మా ఆయన రాలేడు. కనకయ్య తన డబ్బాలోని ఉద్యమం బ్యానరు తీసి నాలుగు కర్రలకు కట్టి పిల్లల తల్లుల మీద నీడ చేశాడు. కిరాణం దుకాణం గట్టు మీదే ఉండబట్టి బియ్యం, పప్పు దొరికాయి. ఎవరికి వాళ్లు ఇటుకలు పెట్టుకుని ఇంత ఉడికించుకున్నారు, ఎవరికి వాళ్లు ఏడ్చారు, నీళ్లు తియ్యగానే ఏ చుట్టాలింటికి పోవాలో లెక్క వేసుకున్నారు. అత్తమ్మ ఏడవలేదు, తినలేదు. కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, అది ఎవరిదో అయినట్టు చూస్తూ కూర్చుంది. రెండో రోజు పొద్దున ఒకే మాట అంది.

‘‘నేను పెద్దవంగర పోత. బిడ్డ దగ్గర ఉంట. ఇగ పొయ్యి ఎయ్య, ఇల్లు ఎక్క.’’

మా అమ్మాయికి చెప్పని సంగతి ఇదొకటి. ఆ మాట విని నేను లోపల సంతోషించాను. అత్తమ్మ పెద్దవంగరలో మా ఆడబిడ్డ దగ్గరికి వెళితే ఆయన నన్ను భూపాలపల్లికి తీసుకుపోతాడు, లేదంటే కొన్నాళ్లు జనగామ వెళ్లొచ్చు, వెనక్కి నడిచే వాగుల ఊళ్లో ఉండే ఖర్మ తప్పుతుంది. పక్కనే మనిషి రాయిలా కూర్చుని ఉంటే నేను మనసులో చీరలు సర్దుకున్నాను. సిగ్గుపడే మాటే, కానీ నిజం.

మా ఊరికి సర్పంచు ఉన్నాడు, పెద్దమనుషులు ఉన్నారు. వాళ్లూ మిగతావాళ్లలాగే తడిసి కూర్చున్నారు. లేచింది కనకయ్య. మూడో రోజు పొద్దున్నే బగోనాను దొర్లించుకుంటూ తెచ్చి రోడ్డు మధ్య పెట్టాడు, తారు మీద ఇంకెక్కడా సమంగా కూర్చోదు కాబట్టి. ఎవరి పొయ్యి వాళ్లది ఆర్పెయ్యండి, ఇవాళ్టి నుంచి ఒక్కటే పొయ్యి అని మైకు లేకుండానే చెప్పాడు. ఆడవాళ్లకు పప్పు కడగమని, మగవాళ్లకు తడిసిన కట్టెల్లో ఎండినవి ఏరమని, ముసలివాళ్లకు చింతపండు పిసకమని పని పంచాడు. పని లేనివాడు ఒక్కడు ఉండకూడదన్నాడు. విచిత్రమేమిటంటే చేతికి పని రాగానే నోళ్లు కూడా లేచాయి. మధ్యాహ్నానికి పప్పుచారు వాసన రోడ్డంతా పరుచుకుంది, ఎవరో చిన్నగా నవ్వారు కూడా. అప్పుడు కనకయ్య దొడ్డుప్పు డబ్బా తెచ్చి మా అత్తమ్మ ముందు పెట్టాడు.

‘‘గీ చేత్తోని నేను ఎయ్య, కనకయ్యా,’’ అంది అత్తమ్మ. ‘‘ముడేసిన చెయ్యి ఇది.’’

ఆయన ఆమె ఎదురుగా తారు మీద గొంతుక్కూర్చున్నాడు. ఊళ్లో అంతమంది ఉన్నారని కూడా చూసుకోలేదు. ‘‘ముడి నువ్వేసినవ్ గని, ఏపిచ్చింది నేను. నాలుగు బీరకాయల కోసం వాడంత మొత్తుకున్న. రెండు దినాలాయె వదినె, నీ మొకం సూడలేక అటు మొకాన తిరుగుతున్న.’’

అత్తమ్మ డబ్బాను తోసెయ్యలేదు, తీసుకోలేదు. ఇంకెవరినైనా వెయ్యమంటే సరిపోయేది, కానీ మా ఊళ్లో ఆ ఆలోచన ఒక్కరికి కూడా రాలేదు. నాకూ రాలేదు. ఆమె వేస్తుందిలే అని అందరూ కలుపుతూ నిలబడ్డారు. అంతలోనే బస్సు వచ్చింది.

కల్వర్టుల మీద నీళ్లు తీశాక కదిలిన మొదటి బస్సు అది, కాళేశ్వరం పోయేది. డ్రైవరు దూరం నుంచే చూశాడు. రోడ్డు మధ్యలో బగోనా, పక్కన బ్యానరు, చుట్టూ జనం. హారన్ కూడా కొట్టకుండా ఇంజను ఆపేశాడు. కండక్టరు వంటా వార్పని చెప్పి అందరినీ దింపి, అప్పుడే సిగ్నలు వచ్చిన ఫోన్లో డిపోకు చెప్పాడు. ప్రయాణికులు అలవాటైనవాళ్లే కదా, వచ్చి మా పక్కన వరసగా కూర్చున్నారు. ఎవరూ గట్టు కిందికి తలతిప్పి చూడలేదు, చూసినవాళ్లు చెరువు అనుకున్నారట. బస్సు వెనకే పక్క ఊరివాళ్లు సగం బస్తా వంకాయలు, ఒక డప్పు పట్టుకుని నడుచుకుంటూ వచ్చారు. తమకు చెప్పకుండా కార్యక్రమం పెట్టుకున్నారని కనకయ్య మీద నిష్ఠూరాలు మొదలుపెట్టారు. కనకయ్య అసలు సంగతి చెప్పబోయి ఆగాడు. వచ్చి కూర్చున్నవాళ్లను లెమ్మనడం మా వాళ్లకు చేతకాదు. ముందు వడ్డించండి, తరవాత చెబుదాం అన్నాడు. ఉప్పు లేని పప్పుచారు అలాగే విస్తళ్లలోకి వెళ్లింది.

మా అత్తమ్మకు ఎదురుగా కూర్చున్నది రాజమండ్రి వైపు నుంచి కాళేశ్వరం దర్శనానికి వచ్చిన పెద్ద జంట. ఆయన తెల్ల పంచె, ఆవిడ చేతిలో పూలసజ్జ. పాపం, ఎక్కడి వంటలో ఎవరి మధ్య కూర్చున్నారో వాళ్లకు బాగా తెలుసు. మా మాటకూ వాళ్ల మాటకూ పడని రోజులవి. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. ఆవిడ కూడా ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను కారియరుతో వాళ్ల ముందే నిలబడి ఉన్నాను, ఆ చూపు మొత్తం నాకు అర్థమైంది. ఆయన తల పైకెత్తి నాతో, ‘‘చాలా బాగుందండీ, అద్భుతంగా ఉంది’’ అన్నాడు. ఆవిడ వెంటనే, ‘‘అవునండీ, సరిగ్గా సరిపోయింది’’ అని ఇంకో గుటక మింగింది. బస్సులోని మిగతావాళ్లు కూడా వాళ్లను చూసి కాబోలు కిక్కురుమనకుండా తింటున్నారు.

రెండు రోజులుగా ఎవరి మాటా వినని మా అత్తమ్మ ఆ మాట వింది. ఆమె చెవి ఎప్పుడూ అటే ఉంటుంది మరి. లేచి వచ్చింది. నా చేతిలోని గంటె తీసుకుని, జన్మలో మొదటిసారి అనుకుంటాను, పప్పుచారు రుచి చూసింది. మొహం అదోలా పెట్టింది.

‘‘గిది బాగుందా?’’ అంది ఆయనతో. ‘‘మా ఊరికొచ్చి, మాకు భయపడి, సప్పిడి కూడు తిని పోతరా?’’

ఆయన ఎర్రబడిపోయి, ‘‘ఉప్పు... కొంచెం తగ్గినట్టుందండీ, తల్లీ,’’ అని చాలా మెల్లగా ఒప్పుకున్నాడు. ఆవిడ ఆయన మోచేతి మీద పొడిచింది. అది చూసి అత్తమ్మకు నవ్వు వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం, ఇల్లు లేని రోడ్డు మీద, మా అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తరవాత ఆ కొంగే నడుముకు చెక్కింది. బగోనా పక్కన నిలబడి తల వంచింది. కుడిచేతిని ఒకసారి తిప్పి చూసుకుని డబ్బాలో పెట్టింది. ఉప్పు పడుతుంటే ఆమె కళ్ల నుంచి నీళ్లు కారడం నేను చూశాను, కనకయ్య కూడా చూశాడు. ఆయన ఇక ఆగలేక వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏం జరుగుతోందో తెలియని పక్క ఊరివాళ్లు, కార్యక్రమంలో భాగమనుకుని డప్పు కొట్టారు.

అందరూ విస్తళ్లు చాచి రెండోసారి పోయించుకున్నారు. అత్తమ్మ కూడా తిన్నది, ఆ రాజమండ్రి ఆవిడ పక్కన కూర్చుని. కనకయ్య అప్పుడు చెయ్యెత్తి గట్టు కింది నీళ్లు చూపించి, అది చెరువు కాదు మా ఊరు అని చెప్పాడు. తింటున్న చేతులన్నీ ఆగాయి. అప్పుడే రాస్తారోకో ఎత్తేయించడానికి ఇద్దరు పోలీసులతో ఒక ఆఫీసరు సారు జీపులో వచ్చాడు. ఆయనకు వచ్చిన ఫోను వంటా వార్పు గురించి మాత్రమే. గట్టు మీద నిలబడి కిందికి చూసి టోపీ తీశాడు. ఎవరి మీదా అరవలేదు, జీపు దగ్గరికి వెళ్లి చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. సాయంత్రానికి టార్పాలిన్లు, బియ్యం, దవాఖాన బండి వచ్చాయి. ఊరు మునిగితే తెలియలేదు గానీ బగోనా పెడితే గంటలో వచ్చారని కనకయ్య చాలా ఏళ్లు చెప్పుకున్నాడు. సారును కూడా కూర్చోబెట్టి తినిపించామని మాత్రం చెప్పడం మరిచిపోయేవాడు, అది నేను కలిపేదాన్ని.

బగోనా పది రోజులు పొయ్యి మీద నుంచి దిగలేదు. పొద్దున అందరూ కలిసి తినేవాళ్లు, తిన్నవాళ్లందరూ కలిసి ఆ రోజు ఒక ఇంటి బురద ఎత్తేవాళ్లు. చుట్టాలిళ్లకు పోదామనుకున్నవాళ్లు రేపు మన ఇంటి వంతు కదా అని ఆగిపోయారు. జనగామ నుంచి మా అన్న నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. అత్తమ్మ కొత్త పొయ్యి కోసం పుట్టమన్నులో ఊక కలిపి తొక్కుతోంది, నేను పక్కనే తొక్కుతున్నాను, నా కాళ్లు మోకాళ్ల దాకా మట్టి. పెద్దవంగర ఎప్పుడు పోతున్నావు అత్తమ్మా అని ఆమెను ఆటపట్టించాను. ‘‘పొయ్యి ఆరినంక సూద్దాం తీ,’’ అంది. ఆ పొయ్యి ఆరింది, తరవాత గ్యాసు వచ్చింది, ఆమె ఇంకా చూస్తూనే ఉంది. మా అన్న రెండు రోజులు బురద ఎత్తి, కాళ్లు పుళ్లు పడి, ఒంటరిగా వెళ్లిపోయాడు. కొత్త పొయ్యి మీద మొదటి పాలు పొంగించిన రోజు కనకయ్య ఒక తాడు తెచ్చాడు. అత్తమ్మ దాన్ని తీసుకుని దుడ్డె మెడకు చుట్టి నాకొక ముడి నేర్పింది. ఊరికే మేసే పశువును ఆపుతుంది, మెడ ఎత్తి ఒక్క గుంజు గుంజితే ఊడిపోతుంది. ఊరంతా అదే ముడి నేర్చుకుంది. మా ఊరి బర్రెలు ఎప్పుడు చూసినా రోడ్ల మీదే ఉంటాయని చుట్టుపక్కలవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు.

రాష్ట్రం వచ్చింది. మా ఊరు కరీంనగర్ నుంచి భూపాలపల్లి జిల్లాలోకి, మా అమ్మగారి జనగామ తనే ఒక జిల్లాగా, ఆడబిడ్డ ఊరు మహబూబాబాద్‌లోకి వెళ్లాయి. మేమెవరం ఎక్కడికీ కదల్లేదు. స్లాబు ఇళ్లు వచ్చాయి, బగోనా మా ఇంటి అటకెక్కింది, పెళ్లి వంటలకు కేటరింగు వాళ్లు వస్తున్నారు. మెత్తటి సోఫాలు, ఐస్‌క్రీములు, అన్నీ బాగానే ఉన్నాయి, నేనేమీ పాతరోజుల కోసం ఏడ్చేదాన్ని కాదు. వాగు వెనక్కి తన్నే సూచనుంటే ఇప్పుడు ముందే ఫోన్లో సందేశం వస్తుంది, అంతకన్నా ఏం కావాలి. కాకపోతే ఒకే పొయ్యి దగ్గర ఊరంతా కూర్చోవడానికి ఇప్పుడు సాకు దొరకడం లేదు.

పోయిన నెలలో కనకయ్య మనవరాలి పెళ్లి. తలకు జాలీ టోపీ పెట్టుకున్న వంట కుర్రాడు ఉప్పు పొట్లం కత్తిరించబోతుంటే కనకయ్య కర్ర అడ్డం పెట్టి ఆపాడు. తనే నడుచుకుంటూ వచ్చి మా అత్తమ్మను పిలుచుకుపోయాడు. ఆమెకు ఇప్పుడు బీపీ, డాక్టరు ఉప్పు మాన్పించాడు. ఇంట్లో చప్పిడి కూడు తింటూ, ‘‘రాజమండ్రాయన లెక్క చాలా బాగుందండీ అనుకుంట తింటున్న,’’ అని నన్ను ఏడిపిస్తుంది. ఆ చెయ్యి ముసలిదైంది కానీ వేళ్ల సందులు పాతవే. ఉప్పు వదిలి, చప్పుడు విని, చాలు అంది. ఆ కుర్రాడు రుచి చూసి మూత పెట్టాడు.

అప్పుడే పందిట్లో కేకలు వినిపించాయి. మా బర్రె, ఆనాటి దుడ్డెకు మనవరాలు, మెడలో తాడు ఈడ్చుకుంటూ వచ్చి కూరగాయల బుట్టలో మొహం పెట్టింది. కనకయ్యకు చెవులు సరిగ్గా వినబడవు గానీ కళ్లు బాగానే ఉన్నాయి. కర్ర ఎత్తి, ‘‘వదినె, నీ బర్రె...’’ అని పాత గొంతుతోనే మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు.

‘‘కట్టిన కనకయ్యా,’’ అంది అత్తమ్మ అటు తిరగకుండానే. ‘‘ఊడినట్టుంది.’’

కనకయ్య కర్ర దించాడు. బుట్టలోంచి నాలుగు బీరకాయలు ఏరి ఒక్కొక్కటే దాని నోటికి అందించాడు. అది తినేదాకా ఆగి, నేను తీసుకుపోయి మళ్లీ కట్టేశాను, ఒక్క గుంజుకు ఊడే ముడితో.